ఎల్మాపజార్ పలకరింపుల శాఖ

టర్కీ దేశంలో కొండల నడుమ ఎల్మాపజార్ అని ఒక చిన్న పట్నం. ఆపిల్ పళ్ళకు తప్ప మరి దేనికీ దానికి పేరు లేదు. ఆ పట్నం మునిసిపాలిటీలో తహ్సిన్ బజారు ఇన్‌స్పెక్టరు. యాభై దాటిన మనిషి. భార్య పోయి చాలాకాలమైంది, పిల్లలు లేరు. అయినా అతన్ని ఒంటరివాడని ఎవరూ అనేవారు కాదు. పొద్దున్నే కూరగాయల కొట్ల తూకాలు చూడ్డానికి బయల్దేరితే బజారు ఆ చివరికి చేరేసరికి మధ్యాహ్నమయ్యేది. ఆలస్యమంతా తూకాల వల్ల కాదు. "మీ అమ్మ మోకాలు ఎలా ఉంది?" "ఆవు ఈనిందా?" "అల్లుడు అలక మానాడా?" అంటూ ప్రతి కొట్టు ముందూ ఆగేవాడు. జవాబు పూర్తిగా విన్నాకే కదిలేవాడు.

వయసులో ఉండగా అతను ఒకసారి జర్మనీ వెళ్ళి, మరమేకులు చేసే ఫ్యాక్టరీలో ఒక చలికాలం పనిచేసి వచ్చాడు. ఆ ఊళ్ళో పడమటి దేశాలు చూసినవాడు అతనొక్కడే. అందుకని అందరూ "జర్మనీ తహ్సిన్" అనేవారు. జర్మనీ ఎలా ఉంటుందని అడిగితే మాత్రం "చలిగా ఉంటుంది" అని ఊరుకునేవాడు.

ఇలా ఉండగా మేయర్ షెఫీక్ రాజధానికి వెళ్ళి ఒక వార్త మోసుకొచ్చాడు. జర్మనీలోని ఒక పట్నం ఎల్మాపజార్‌తో అక్కాచెల్లెళ్ళ సంబంధం కలుపుకోవడానికి ముందుకొచ్చిందట. వాళ్ళ ప్రతినిధులు వేసవిలో ఊరు చూడ్డానికి వస్తారట. వాళ్ళు వచ్చేలోగా ఊరు పాశ్చాత్యం అయిపోవాలి.

మునిసిపల్ సభ అత్యవసరంగా కూడింది. బూట్లు తుడిచేవాళ్ళకు టైలు కట్టాలని ఒక సభ్యుడు అన్నాడు. ప్రతి ఇంటికీ ఒక కుక్క ఉండాలని ఇంకొకాయన అన్నాడు. ఒపెరా హౌసుకు శంకుస్థాపన చేద్దామని మూడో ఆయన లేచేసరికి, కిందటి మేయరు చేసిన శంకుస్థాపన రాయి ఇంకా సంతలో మేకలు కట్టేయడానికి పనికొస్తోందని ఎవరో గుర్తుచేశారు. ఎటూ తేలక మేయర్ తహ్సిన్‌ను పిలిపించాడు.

"తహ్సిన్ బే," అన్నాడు. అక్కడ మర్యాదగా పిలవాలంటే మగవాళ్ళ పేరు చివర 'బే' అనీ, ఆడవాళ్ళ పేరు చివర 'హానుం' అనీ చేరుస్తారు. "పాశ్చాత్య నాగరికతను ప్రత్యక్షంగా దర్శించిన ఏకైక పౌరులు మీరు. వారి సర్వతోముఖాభివృద్ధికి మూలకారణంగా మీరు గుర్తించినదేమిటో సభకు విన్నవించండి."

తహ్సిన్ తల గోక్కున్నాడు. అతనికి ఫ్యాక్టరీ, మంచు, నిద్రపోయే గది తప్ప ఏమీ గుర్తుకు రాలేదు.

"నన్నెవరూ ఏమీ అడగలేదండి," అన్నాడు చివరికి.

"అంటే?"

"అంటే అదేనండి. చలికాలమంతా ఉన్నాను. మంచివాళ్ళే, జీతం సరిగ్గా ఇచ్చారు. కానీ ఎలా ఉన్నావని ఒక్కరూ అడగలేదు. జ్వరమొచ్చి మంచం ఎక్కినా అడగలేదు. అందుకే తిరిగొచ్చేశాను."

ఇంతకాలం ఎవరికీ చెప్పని మాట అది. మేయర్ మాత్రం కళ్ళజోడు తీసి, కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"విన్నారా! ఎవరూ ఎవరినీ అడగరు! మనం ఒకరి మోకాళ్ళ గురించి ఒకరం విచారించుకుంటూ దుర్వ్యయం చేస్తున్న జాతీయ కాలాన్ని వారు మరమేకుల ఉత్పత్తికి వినియోగించారు! రహస్యం బోధపడింది!"

ఆ సాయంత్రానికే ఉత్తర్వు వచ్చింది. ఇకమీదట ఎల్మాపజార్ పౌరులు ఒకరినొకరు సొంత విషయాలు అడగరాదు. ఉత్తర్వు అమలుకు 'వ్యక్తిగత ప్రశ్నల నియంత్రణ శాఖ' ఏర్పాటైంది. దానికి అధిపతిగా తహ్సిన్‌ను వేసి, మెడలో ఒక ఈల వేలాడదీశారు. తను చెప్పింది ఫిర్యాదేగానీ సలహా కాదని అతను చెప్పబోయాడు. కానీ అప్పటికే అందరూ చప్పట్లు కొడుతున్నారు.

* * *

మొట్టమొదట మారింది ఇద్రీస్ టీకొట్టు. బల్లకు ఒకే కుర్చీ ఉండాలి. మగవాళ్ళంతా ఎవరి బల్ల దగ్గర వాళ్ళు కూచుని ఎదుటి గోడ చూస్తూ టీ తాగసాగారు. పాచికలాట మానలేని ఒక పెద్దాయన రెండు వైపులా తనే ఆడుకునేవాడు. రెండోనాడు దొంగాట ఆడావని తనతో తనే గొడవపడి, పాచికలు విసిరికొట్టి ఇంటికి పోయాడు. మంగలి నోరు కట్టేసుకుని గడ్డాలు గీయలేక, గిరాకీ లేని వేళ అద్దం ముందు కూచుని తన ఆరోగ్యం తనే అడుగుతూ దొరికిపోయాడు. అది నేరమా కాదా అని సభ చాలాసేపు చర్చించి, పెదవులు కదలకుండా తనను తను అడిగితే తప్పు లేదని తేల్చింది.

ఒకరోజు ఒక రైతు తలకు కట్టు కట్టుకుని బజారుకు వచ్చాడు. ఏమైందని ఎవరైనా అడుగుతారేమోనని ఈ చివర నుంచి ఆ చివరికి నడిచాడు. ఎవరూ అడగలేదు. ఇంటికెళ్ళి కట్టును ఇంకా పెద్దది చేసుకుని మళ్ళీ వచ్చాడు. తహ్సిన్ ముందుకొచ్చి నిలబడి, ఊరికే దగ్గాడు కూడా. అడగకపోతే తహ్సిన్‌కు ఊపిరాడేలా లేదు. కానీ ఆ ప్రశ్న అడగనివ్వకుండా చూడ్డానికే కదా మునిసిపాలిటీ తనకు జీతమిస్తోంది! నోట్లోంచి ప్రశ్న జారిపోకుండా ఈల అడ్డం పెట్టుకుని, కళ్ళు మూసుకుని ముందుకు నడిచాడు.

అంతకన్నా కష్టం ఇంటి దగ్గర ఉంది. పక్కింట్లో ముజెయ్యెన్ అని ఒకావిడ ఉండేది. భర్త పోయాక ఊరగాయల కొట్టు పెట్టుకుని తన కాళ్ళమీద తను నిలబడ్డ మనిషి. సాయంత్రమయ్యేసరికి గోడ మీదుగా తహ్సిన్‌కు వేడివేడి సూప్ గిన్నె అందించేది. ఆవిడను ఒక మాట అడగాలని తహ్సిన్‌కు ఎప్పటి నుంచో ఉంది. ఊరందరి ఆవుల సంగతీ ధైర్యంగా అడిగే మనిషికి ఆ ఒక్క మాట మాత్రం గొంతులోనే ఆగిపోయేది. "ఉప్పు సరిపోయింది" అని గిన్నె తిరిగిచ్చేసేవాడు. ఉత్తర్వు వచ్చిన తర్వాతే విచిత్రంగా ఆ మాట నాలుక చివరికి వచ్చి కూచుంది.

"ఏదో అడగబోతున్నట్టున్నారే, తహ్సిన్ బే?" అంది ముజెయ్యెన్ ఒక సాయంత్రం, గోడకు చేతులానించి.

"అడగకూడదు హానుం. నిషేధం."

"ఎవరు నిషేధించారు?"

"నా శాఖే."

"మీ శాఖ అధికారి ఎవరో?"

"నేనే," అన్నాడు తహ్సిన్ తలవంచుకుని.

"అయితే ఆయనకు నేను సూప్ కాచలేను. మీకైతే కాస్తాను. మీ ఇద్దరిలో రేపు ఎవరొస్తారో చూసుకోండి," అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

* * *

ఇంతలో రెండో పక్షం లేచింది. రిటైరైన భూమి కొలతల అధికారి రుక్నెత్తిన్ 'జాతీయ సత్త్వ పరిరక్షణ సంఘం' పెట్టి, ఊరేగింపుగా జిల్లా గవర్నరు దగ్గరకు వెళ్ళాడు. "క్షేమసమాచారం విచారించుట మన జాతి లక్షణం! పడమటివారు అడగరు, కావున మేము అడుగుతాం! వారికి భిన్నంగా ఉండుటయే మనం మనంగా ఉండుట!" అని గర్జించాడు. మేయరు కూడా వెళ్ళి, అభివృద్ధికి అడ్డుపడుతున్నారని మొరపెట్టుకున్నాడు.

గవర్నరు ఇద్దరినీ నొప్పించని మనిషి. "ఉభయ నాగరికతలకూ సమాన న్యాయం జరగాలి," అని తీర్పు చెప్పాడు. దాని ప్రకారం ఒకరోజు పాశ్చాత్య దినం, మర్నాడు జాతీయ దినం. పాశ్చాత్య దినాన పలకరింపు నేరం. జాతీయ దినాన పలకరించకపోవడం నేరం. రెండు రోజులూ అమలు చేయవలసింది తహ్సిన్.

జాతీయ దినం తేలికని అనుకున్న తహ్సిన్ మొదటిరోజే బెంబేలెత్తిపోయాడు. ఎదురైన ప్రతివాణ్ణీ కౌగిలించుకోవాలి. దాయాదులైనా, కోర్టులో దావా నడుస్తున్నా సరే. టీ ఇస్తామంటే వద్దనకూడదు. కట్టు కట్టుకున్న రైతును బజారంతా చుట్టుముట్టి ఏమైందని అడిగింది. పాపం, మొదట్లో ఉత్సాహంగానే చెప్పాడు. ఆపిల్ చెట్టెక్కితే కొమ్మ విరిగిందన్న ఆ కథను పొద్దుగూకేదాకా చెప్పీ చెప్పీ గొంతు పోయి, కట్టు విప్పి మురిక్కాలవలో పారేసి పొలాలకు అడ్డంపడి పారిపోయాడు. రుక్నెత్తిన్ తహ్సిన్ వెనకే తిరుగుతూ, "ఆ కౌగిలిలో ఆప్యాయత లోపించింది. మళ్ళీ చేయించండి," అనేవాడు.

తర్వాతి పాశ్చాత్య దినాన ఇద్రీస్ ఇంటి వెనక గడ్డివాము అంటుకుంది. ఇరుగుపొరుగు బక్కెట్లు పట్టుకుని పరిగెత్తుకొచ్చి, గోడ దగ్గర గీత గీసినట్టు ఆగిపోయారు.

"ఇద్రీస్ బే, మీ సొంత విషయంలో తలదూర్చడం మా ఉద్దేశం కాదు," అన్నాడు ఒకాయన. "కానీ ఆ పొగ మీరు కావాలని పెట్టుకున్నదా?"

అది ప్రశ్న. అందరూ తహ్సిన్ వైపు చూశారు. ఈల ఊదాలి. ఇద్రీస్ గుడ్ల నీళ్ళు కుక్కుకుని చూస్తున్నాడు. తహ్సిన్ ఈల జేబులో కుక్కి, ఆ పెద్దమనిషి చేతిలోంచి బక్కెట్ లాక్కుని గడ్డివాము మీద గుమ్మరించాడు. మిగతావాళ్ళూ గోడ దూకారు. మంట ఆరింది. మర్నాడు మేయర్ అతణ్ణి పిలిచి, "ఆ మంట ఆర్పిన విధానం మనల్ని కొన్నేళ్ళు వెనక్కి నెట్టింది," అని మందలించాడు.

అయితే ఆ రోజు జాతీయ దినం. తహ్సిన్ కాస్త ధైర్యం తెచ్చుకున్నాడు. గడ్డం గీయించుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ముజెయ్యెన్ కొట్టుకు బయల్దేరాడు. ఆ సంగతి మంగలి ద్వారా రుక్నెత్తిన్‌కు తెలిసింది. జాతీయ దినాన పెళ్ళి మాట వరుడు తనంతట తను అడగడమేమిటి? పెద్దలు వెళ్ళి అడగాలి. సంఘ సభ్యులందరినీ వెంటబెట్టుకుని రుక్నెత్తిన్ అతనికన్నా ముందు కొట్లో దూరి, ఊరగాయ జాడీల మధ్య నిలబడి ఉపన్యాసం మొదలుపెట్టాడు.

"అమ్మా! మన పూర్వీకులు మధ్య ఆసియా మైదానముల నుండి గుర్రములపై బయల్దేరినప్పుడు..."

గుర్రాలు నదులు దాటాయి, కొండలెక్కాయి, గుడారాలు వేశాయి, మళ్ళీ బయల్దేరాయి. తహ్సిన్ గుమ్మం దగ్గర చెమటలు తుడుచుకుంటూ నిలబడ్డాడు. కొట్టు కట్టేసే వేళకు గుర్రాలు ఇంకా టర్కీ సరిహద్దు చేరలేదు.

"రుక్నెత్తిన్ బే," అంది ముజెయ్యెన్, జాడీకి మూత బిగిస్తూ, "ఇంతకీ మీరు నన్ను చేసుకోమంటున్నది ఈయన్నా, గుర్రాన్నా?"

ఎవరో కిసుక్కుమన్నారు. తహ్సిన్ నోరు తెరిచాడు.

"వరుడు మాట్లాడరాదు!" అన్నాడు రుక్నెత్తిన్. "సంప్రదాయం."

"అడగాల్సిన మనిషి అడిగితే చెప్తాను," అని ఆవిడ అందరినీ బయటకు పంపి కొట్టుకు తాళం వేసింది. తెల్లారితే పాశ్చాత్య దినం.

* * *

జర్మన్ ప్రతినిధులు వచ్చే వారమంతా పాశ్చాత్య దినాలేనని మేయర్ ప్రకటించాడు. వచ్చిన వాళ్ళకు పెద్ద లీజెలొట్టె అనే నడివయసు ఆవిడ. ఆ పట్నానికి మేయరు. వెంట ఇద్దరు సలహాదారులు, టర్కీ భాష తెలిసిన ఒక దుబాసీ అమ్మాయి.

మేయర్ షెఫీక్ వాళ్ళను బజారంతా తిప్పాడు. ఎవరూ తలెత్తలేదు. కొట్లవాళ్ళు పళ్ళు తూచి ఇచ్చి మొహాలు తిప్పుకున్నారు. చివరికి ఇద్రీస్ టీకొట్టుకు తీసుకొచ్చాడు. బల్లకొకరుగా మగవాళ్ళు గోడ చూస్తూ కూచున్నారు. సూది పడితే వినిపించేంత నిశ్శబ్దం.

"గమనించండి!" అన్నాడు మేయర్ గర్వంగా. "ఈ పట్నంలో ఎవరు బతికినా, చచ్చినా మరొకరు విచారించరు! సంపూర్ణ పాశ్చాత్యం!"

దుబాసీ అమ్మాయి అదే మాట జర్మన్‌లో చెప్పింది. లీజెలొట్టె మొహం వాడిపోయింది. మెల్లగా ఏదో చెప్పింది. అమ్మాయి దాన్ని టర్కీ భాషలోకి మార్చింది.

"మా ఊళ్ళో కిందటేడు ఒక ముసలాయన ఇంట్లోనే పోయాడు. పక్కవాళ్ళకు చాన్నాళ్ళదాకా తెలియలేదు. అప్పట్నుంచి మా మునిసిపాలిటీలో పలకరింపుల శాఖ పెట్టాం. జీతాలిచ్చి మనుషుల్ని ఇళ్ళకు పంపి, ఎలా ఉన్నారని అడిగిస్తున్నాం. కానీ మావాళ్ళకు సరిగ్గా అడగడం రావడం లేదు. మీ దేశంలో ఈ పని అందరికీ వచ్చునని విన్నాం. నేర్చుకుందామనే వచ్చాం."

మేయర్ మొహంలో నెత్తుటి చుక్క లేదు. టోపీ తీశాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. మాట మార్చడానికి ఎవరో ఒకరు కావాలి. తహ్సిన్‌ను ముందుకు తోశాడు.

"వీరు తహ్సిన్ బే. మీ దేశంలో మరమేకుల ఫ్యాక్టరీలో పనిచేశారు."

లీజెలొట్టె అతనికి చెయ్యి అందించి, కళ్ళలోకి చూస్తూ ఒక మాట అంది.

"అక్కడ మీకు ఎలా ఉండేది, అని అడుగుతున్నారు," అంది దుబాసీ అమ్మాయి.

ఆ చలికాలమంతా తహ్సిన్ ఏ ప్రశ్న కోసం మొహం వాచిపోయాడో ఆ ప్రశ్న ఇన్నేళ్ళ తర్వాత, పాశ్చాత్య దినాన, అతని ఊరికే నడిచి వచ్చింది. చొక్కా చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

"చలేసిందమ్మా," అన్నాడు. "బాగా చలేసింది."

ఆవిడ అతని చెయ్యి వదల్లేదు. టీకొట్టులో గోడలు చూస్తున్నవాళ్ళంతా ఇటు తిరిగారు. వీధిలో పోయేవాళ్ళు గుమ్మంలో ఆగారు. అతిథులకు ఊరగాయ సీసా తెచ్చిన ముజెయ్యెన్ కూడా అక్కడే నిలబడి ఉంది. తహ్సిన్ ఆవిడను చూశాడు. అడగడం ఇంత తేలికా అనిపించింది అతనికి. ఒక మనిషి ముందు నిలబడి నోరు తెరవడమే కదా!

"ముజెయ్యెన్ హానుం," అన్నాడు, "నన్ను పెళ్ళి చేసుకుంటారా?"

"తహ్సిన్ బే! ఇది పాశ్చాత్య దినం!" అన్నాడు మేయర్.

"పెద్దలు లేకుండా! సంప్రదాయ భంగం!" అని గుమ్మంలోంచి రుక్నెత్తిన్ అరిచాడు. ఆ నెలలో వాళ్ళిద్దరూ ఒక్క మాట మీద నిలబడ్డది అప్పుడే.

ముజెయ్యెన్ వాళ్ళ వైపు చూడనైనా లేదు. "ఆ మాట అనడానికి ఇన్నేళ్ళా మనిషీ?" అంది. "చేసుకుంటాను. ముందు ఈ సీసా పట్టుకోండి, చేతులు లాగేస్తున్నాయి."

అంతే. కుర్చీలన్నీ ఒక్కసారి కదిలాయి. పెళ్ళెప్పుడు, ఎవరింట్లో కాపురం, ఊరగాయల కొట్టు సంగతేమిటని నలుదిక్కుల నుంచీ ప్రశ్నలు కురిశాయి. ఇద్రీస్ అందరికీ టీ పోశాడు. పాచికల పెద్దాయన ఒక జర్మన్ సలహాదారును ఎదురుగా కూచోబెట్టుకుని, భాష రాకపోయినా, ఎంతమంది పిల్లలని వేళ్ళు చూపించి అడిగాడు. దుబాసీ అమ్మాయికి ఊపిరి తీసుకునే తీరిక లేకపోయింది.

* * *

మర్నాడు మేయర్ సభ పిలిచి గంభీరంగా ప్రకటించాడు. "పలకరింపు ఆధునిక పాశ్చాత్య శాస్త్రమని నిన్న నిర్ధారణ అయినది. జర్మనీలో దీనికొక శాఖే గలదు. కావున ఇకపై మన పౌరులందరూ పాశ్చాత్య పద్ధతిలో పలకరించుకొందురు గాక. అడిగినవారు జవాబు వచ్చువరకు కదలరాదు."

రుక్నెత్తిన్ తోక తొక్కినట్టు లేచాడు. "పడమటివారు అడుగుతున్నారా? అయితే మేము అడగం! అడిగినా చెప్పం! మౌనమే మన జాతి సత్త్వం!" అని సంఘం తరఫున ప్రతిజ్ఞ చేయించాడు. నిన్నటిదాకా ఊరందరినీ బలవంతంగా కౌగిలించుకున్న సభ్యులు, టీకొట్టులో బల్లకొకరుగా కూచుని గోడ చూడసాగారు.

తహ్సిన్ మునిసిపాలిటీకి వెళ్ళి ఈల మేయర్ బల్ల మీద పెట్టి, "నాకు నా తూకాలు ఇప్పించండి, చాలు," అన్నాడు. ఆపిల్ కోతల ముందు అతని పెళ్ళి జరిగింది. ముజెయ్యెన్ వాళ్ళ పెరట్లో మధ్యాహ్నం పులావు విందు. ఏ పక్షం వాళ్ళో చూడకుండా ఊరంతటినీ పిలిచారు.

మేయరూ, రుక్నెత్తిన్ ఒకేసారి గుమ్మం దగ్గరకు వచ్చారు. తను పెట్టిన నిబంధన ప్రకారం మేయర్ పలకరించక తప్పలేదు.

"రుక్నెత్తిన్ బే, ఆరోగ్యం ఎలా ఉంది?"

ప్రతిజ్ఞ ప్రకారం రుక్నెత్తిన్ జవాబు చెప్పకూడదు. ఆకాశంలోకి చూశాడు. జవాబు రానిదే మేయర్ కదలకూడదు. గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. మేయర్ కదలనిదే రుక్నెత్తిన్ లోపలికి వెళ్ళలేడు. వెళ్ళిపోదామంటే, లోపల్నించి వేయించిన మాంసం, నెయ్యి వాసన ఇద్దరినీ కదలనివ్వడం లేదు. మిగతా ఊరు పెరటి గోడ దూకి లోపలికి వెళ్ళి తినేస్తోంది.

"రండి బాబూ, రండి," అని తహ్సిన్ పిలిచాడు. ఇద్దరూ కదల్లేదు.

పులావు అడుగంటుతుండగా ముజెయ్యెన్ రెండు పళ్ళేలు వడ్డించి, గుమ్మం దగ్గరికే తెచ్చి చెరొకటీ చేతిలో పెట్టింది. ఒకరికొకరు వీపు చూపించుకుంటూ మెట్ల మీద కూచుని తినడం మొదలుపెట్టారు. రుక్నెత్తిన్ మెల్లగా తల తిప్పి పక్కకు చూశాడు. చూసి, నిండిన నోటితోనే అడిగేశాడు.

"మీ పళ్ళెంలో ముక్కలు ఎక్కువ పడ్డాయేంటండీ?"

మేయర్ తన పళ్ళెంలోకి చూసుకున్నాడు. రుక్నెత్తిన్ పళ్ళెంలోకి చూశాడు. ఆ తర్వాత ఒక ముక్క తీసి ఆయన పళ్ళెంలో వేశాడు.